పల్లెపాట ఎవరి సొత్తు?

పాటకు పుట్టినిల్లు ఉంటుంది. పహరా మాత్రం ఉండరాదని మా అభిప్రాయం. పుట్టినింటి పేరు చెప్పకుండా పాటను తరలించుకొని పోవడం కూడా తగదని మా రెండవ అభిప్రాయం. ఈ రెండు మాటలు ఒకదానికొకటి విరుద్ధమైనవిగా తోచవచ్చును. అవి విరుద్ధాలు కావనీ, రెండింటినీ కలిపి పాటించినప్పుడే పల్లెపాటకు న్యాయం జరుగుతుందనీ సహవిద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు విన్నవించుకొనడానికే ఈ వ్యాసం.

ఈ ఆలోచనకు ప్రేరణ దూరదేశం నుండి వచ్చింది. 2024 మార్చి 29వ తేదీన అమెరికా గాయని బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’ అనే ఆల్బమును వెలువరించింది. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా ఆమె పాప్ సంగీతంలోను, నల్లజాతి వారి నగర సంగీతంలోను మేటి అనిపించుకొన్న గాయని. ఈ ఆల్బములోని 27 భాగాలలో ఆమె చాలావరకు ‘కంట్రీ’ సంగీతాన్ని చేపట్టింది. కంట్రీ అంటే పల్లెసీమ. ఫిడేలు, బాంజో, గిటారు తోడుగా పొలము, గుర్రము, రైలుబండి, కన్నతల్లి, కల్లుదుకాణము, దైవభక్తి మొదలైన వాటిని గురించి సూటి మాటలలో పాడే సంగీతమది. ఇది కంట్రీ ఆల్బము కాదు, నా ఆల్బము అని గాయని స్వయంగా ప్రకటించినా లోకం మాత్రం దానిని ఆమె కంట్రీ ప్రవేశంగానే స్వీకరించింది.

స్వీకరించింది అన్నాము గాని, అందరూ స్వీకరించలేదు. ‘ఈమెకు ఈ పాటతో ఏమి సంబంధం?’ అని అడిగినవారు అనేకులు. ఆల్బము వెలువడక ముందే, ఫిబ్రవరిలో, ఒక్లహోమా రాష్ట్రంలోని ఒక రేడియో కేంద్రం వారు ఆమె పాట వేయమని కోరిన శ్రోతకు తమది కంట్రీ కేంద్రమనీ, ఆమె పాటలు వేయమనీ బదులు వ్రాశారు. విమర్శలు వెల్లువెత్తిన తరువాత వేశారు. అంతకు ఎనిమిదేళ్ల క్రిందట, 2016 నవంబరులో, నాష్‌విల్ నగరంలో జరిగిన కంట్రీ సంగీత పురస్కారాల సభలో ఆమె ఒక పాట పాడినందుకే పెద్ద దుమారం రేగింది. తనకు ఆదరణ లభించలేదని తోచిన ఒక పాత అనుభవం నుండి ఈ ఆల్బము పుట్టిందని ఆమె చెప్పినప్పుడు, ఆ అనుభవమేదో ఆమె పేరెత్తకపోయినా, అందరి దృష్టి ఆ సభ మీదికే పోయింది. 2024లో అదే సంఘం ఇచ్చే పురస్కారాలకు ఈ ఆల్బము ఒక్క విభాగంలోనైనా ప్రతిపాదనకు నోచుకోలేదు. కాని 2025 ఫిబ్రవరి 2న గ్రామీ పురస్కారాలలో ఉత్తమ కంట్రీ ఆల్బముగాను, ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బముగాను ఎన్నిక అయింది. ఉత్తమ కంట్రీ ఆల్బము పురస్కారం ఒక నల్లజాతి కళాకారిణికి లభించడం అదే మొదటిసారి.

ఇందులో మనకు ఆశ్చర్యం గొలిపే సంగతి పురస్కారం కాదు. ఆమెను గుమ్మం ముందు నిలిపి ‘నీవెవరవు?’ అని ప్రశ్నించిన సంగీతశాలకు పునాదిరాళ్లు మోసినవారిలో ఆమె పూర్వీకులూ ఉన్నారు! కంట్రీ సంగీతానికి ఆనవాలుగా నిలిచిన బాంజో వాద్యం ఆఫ్రికా సంతతిది. బానిసలుగా కొనిపోబడినవారు ఎండిన సొరబుర్రకు తోలు బిగించి, కర్ర తొడిగి, తంతులు కట్టి దానిని చేసుకొన్నారు. రికార్డుల కంపెనీలు 1920 దశకంలో పల్లెపాటలను అచ్చువేయడం మొదలుపెట్టినప్పుడు శ్వేతజాతి వారు పాడినవి ఒక జాబితాగాను, నల్లజాతి వారు పాడినవి మరొక జాబితాగాను విభజించి అమ్ముకొన్నాయి. పొలంలోను, రైలు కట్టల మీదను కలిసి వినిపించిన పాట అంగడిలోకి వచ్చేసరికి రెండు గదులలో చేరింది. పిల్లలు ఆ గదులనే చూసి పెరిగారు. గోడ కట్టినది వర్తకుడన్న సంగతి మరచిపోయి, అది ప్రకృతి గీసిన గీత అనుకొన్నారు.

ఆ గోడ మూల్యం ఎంతటిదో కొన్ని పేర్లు చెబుతాయి. నాష్‌విల్‌లోని ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ అనే ప్రసిద్ధ రేడియో కార్యక్రమపు తొలి నాళ్లలో శ్రోతలను ఆకట్టుకొన్నవారిలో నోటి హార్మోనికా వాయించే డీఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుడు ఒకడు. 1941లో అతనిని తొలగించారు. అతడు 1982లో మరణించాడు. కంట్రీ సంగీత కీర్తిశాలలో అతని పేరు చేర్చినది 2005లో! 1969లో అదే వేదిక మీద పాడిన లిండా మార్టెల్ 1970లో ఒక ఆల్బము వెలువరించి, ఆపై అవకాశాలు మూసుకొనిపోగా ఆ రంగానికే దూరమైంది. ‘కౌబాయ్ కార్టర్’లో ఆ వృద్ధ గాయని గొంతు వినిపిస్తుంది. పెద్ద గాయని చేసిన మంచి పనులలో ఇది ఒకటని మా భావన. తాను లోనికి పోతూ, వెలుపల నిలిచిపోయిన పెద్దను కూడా చేయి పట్టుకొని తీసుకొనిపోయింది.

గుమ్మం దాటినవారిలో ఆమె మొదటిది కూడా కాదు. 1962లో రే చార్లెస్ అనే అంధ గాయకుడు కంట్రీ పాటలను తన బాణీలో పాడి ఒక ఆల్బము చేశాడు. అది ఆ దేశపు ఆల్బముల పట్టికలో 14 వారాలు అగ్రస్థానంలో నిలిచింది. ఆ పాటలు చెడిపోలేదు, మరింతమందికి చేరాయి. పాటకు కొత్త గొంతు దొరకడం నష్టం కాదనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

ఇక మన ఇంటికి వద్దాము. బియాన్సే జన్మించిన నగరం టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్. అదే నగరంలో 2019 మార్చిలో మన తెలుగు జానపద గానానికి పెద్దదిక్కు అయిన వింజమూరి అనసూయాదేవి గారు కన్నుమూశారు. 1920లో కాకినాడలో జన్మించిన ఆమె దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి మేనకోడలు. శాస్త్రీయ సంగీతం అభ్యసించి, భావగీతాలకు బాణీలు కూర్చిన విదుషీమణి. సోదరి సీతాదేవి గారితో కలిసి ఆమె పల్లెపదాలను సేకరించి, నేర్చి, కచేరీ వేదిక మీదను, రేడియోలోను, గ్రామఫోను రికార్డులలోను పాడారు. దంపుళ్లపాట, నాట్లపాట దంచేచోటను, నాటేచోటనే ఉండవలెననీ, సభామందిరంలో వాటికి తావు లేదనీ తలచే రోజులవి. శాస్త్రం చదివిన గొంతు పల్లెపదం వైపు మళ్లడం ఆనాటికి సాహసం. ఒక గాయని తన బాటను విడిచి పల్లెబాట పట్టడమంటే మన భాషలో మొదట చెప్పవలసిన ఉదాహరణ ఈ సోదరీమణులదే.

నండూరి వెంకట సుబ్బారావు గారి ‘ఎంకిపాటలు’ 1925లో పుస్తకంగా వెలువడినప్పుడు కూడా ఇట్టి సందేహమే తలెత్తింది. ఆయన వృత్తిరీత్యా న్యాయవాది; ఎంకి, నాయుడుబావల వలె పొలం పనులు చేసుకొని బ్రతికినవాడు కాదు. పల్లెమాటలో కవిత్వమేమిటని పండితులు కొందరు కోపించారు. అయినా ఆ పాటలు నిలిచాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, శ్రీరంగం గోపాలరత్నం గార్ల వంటి సంగీత విద్వాంసులు వాటిని పాడారు. ఒక విషయం మాత్రం మరువరాదు. ఎంకిపాటలు పల్లెలో పుట్టిన పాటలు కావు. పల్లెను ప్రేమించిన కవి వ్రాసిన పాటలు. ఆ తేడాను ఆయన దాచలేదు. తన పాటను తన పాటగానే చెప్పుకొన్నాడు. పల్లెపాటను పోలిన పాట వ్రాయడం ఒకటి, పల్లెపాటను తెచ్చి తన పేరు తగిలించుకొనడం మరొకటి. మొదటిది కవిత్వం. రెండవదానికి ఏ పేరు పెట్టవలెనో పాఠకులే నిర్ణయింతురు గాక.

అమెరికాకు మనకు ఇక్కడనే ఒక పెద్ద తేడా కనిపిస్తున్నది. అక్కడ గుమ్మం దగ్గర కాపలా ఎక్కువ. బయటివారని తలచిన వారిని లోనికి రానీయరు. ఇక్కడ కాపలా లేదు. ఎవరైనా రావచ్చును, ఏ పాటనైనా ఎత్తుకొనిపోవచ్చును. ఇంటివారి పేరు మాత్రం ఎవరూ అడగరు. సినిమా తెర మీద, టెలివిజన్‌లో, ఫోన్లలో ఈనాడు తెలంగాణ పల్లెపాట మారుమ్రోగుతున్నది. సంతోషమే. అయితే ఆ పాటలకు క్రింద ‘జానపదం’ అనే ఒక్క మాట వ్రాసి ఊరుకొనడం పరిపాటి అయింది. జానపదం అనేది మనిషి పేరు కాదు. ఆ పాటను కాపాడి, మనుమరాలికి నేర్పిన ముసలమ్మకు ఒక పేరున్నది, ఒక ఊరున్నది.

2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రంలోని ‘సారంగదరియా’ పాట విషయమై జరిగిన వాదం మన పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. తెలంగాణ పల్లెలలో వినిపించే పాట ఆధారంగా సుద్దాల అశోక్‌తేజ గారు వ్రాయగా, మంగ్లీ గారు పాడగా అది ఊరూవాడా మ్రోగింది. ఆ జానపదాన్ని తాము ముందుగా వెలుగులోకి తెచ్చినా తగిన గుర్తింపు దక్కలేదని ఒక జానపద గాయని వాపోయారు. దర్శకుడు శేఖర్ కమ్ముల గారు బహిరంగంగా స్పందించి గుర్తింపు ఇవ్వడానికి ముందుకు వచ్చారు. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని తీర్పు చెప్పడం మా పని కాదు. పాట వెలువడక ముందే అడిగి వ్రాసుకొనవలసిన పేరు వివాదం తరువాత గాని పైకి రాలేదన్నదే మేము గమనింపదగినదిగా భావించే అంశం.

చట్టం ఈ విషయంలో ఎంతవరకు తోడ్పడుతుంది? మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం ప్రధానంగా రచయితకు, స్వరకర్తకు రక్షణ కల్పిస్తుంది. తరతరాల నోళ్లలో అరిగి, నునుపుదేరి వచ్చిన పాటకు కర్త ఎవరని చెప్పగలము? పాడేవారికి ప్రత్యేకమైన హక్కు 1994 సవరణ ద్వారా వచ్చింది. ప్రతిఫలంలో వారికి వాటా ఉండాలన్న మాట 2012 సవరణలో చేరింది. అయినా ఊరందరి ఉమ్మడి పాటకు ఆ ఊరిని హక్కుదారుగా గుర్తించే ఏర్పాటు అందులో లేదు. కావున చట్టం చేరని చోట మర్యాద చేరవలసి ఉన్నది. మర్యాదకు శాసనసభ అనుమతి అక్కరలేదు.

ఆ మర్యాద పాటిస్తే ఫలితం ఎట్లుంటుందో మన ఓరుగల్లు జిల్లాయే చూపింది. 2023 మార్చిలో విడుదలైన ‘బలగం’ చిత్రం చివర వచ్చే పాటను పాడినవారు దుగ్గొండికి చెందిన బుడిగజంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. చావు జరిగిన ఇంట, బంధువుల నడుమ కూర్చుండి, పోయినవారిని తలచి పాడడం వారి కులవృత్తిలో భాగం. దర్శకుడు వేణు యెల్దండి గారు ఆ పాటను పట్నపు గాయకుని చేత పాడించి మెరుగులు దిద్దవచ్చును. ఆ పని చేయలేదు. పాడవలసిన వారి చేతనే, పాడవలసిన తీరుననే పాడించారు. గ్రామాలలో ఆ చిత్రాన్ని ఊరి నడుమ తెర కట్టి చూసిన జనం ఆ పాట వద్ద కంటతడి పెట్టారు. విడిపోయిన అన్నదమ్ములు కొందరు దానిని చూసి కలిశారన్న వార్తలు కూడా పత్రికలలో వచ్చాయి.

కాని ఆ కథకు మరొక సగం ఉన్నది. మూత్రపిండాల వ్యాధితో బాధపడిన మొగిలయ్య గారు 2024 డిసెంబరు 19న వరంగల్లులో మరణించారు. అదే పేరు గల మరొక కళాకారుడు, నాగర్‌కర్నూల్ ప్రాంతపు దర్శనం మొగిలయ్య గారు, పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రపు పాటకు గొంతు కలిపారు. 2022లో పద్మశ్రీ అందుకొన్నారు. ఆ కిన్నెరకు కూడా సొరబుర్రలే ఆధారం. సముద్రానికి ఆవల బాంజో, ఈవల కిన్నెర! రెండింటికీ ఎండిన సొరకాయే నాదాన్ని ఇచ్చింది. రెండింటినీ మోసినవారిని వారి వారి సమాజాలు అంచున కూర్చోబెట్టాయి. ‘పెరటి చెట్టు మందుకు రాదు’ అన్న సామెత మన వారి విషయంలో ఇంత నిజం కావలసినది కాదు.

ఇంతవరకు చదివిన మా ఉర్దూ విభాగపు మిత్రులు, ఇదంతా తెలుగు పాటను గురించిన చర్చ, మాకేమి సంబంధం అనవచ్చును. అట్లు అనకూడదనే మా ప్రార్థన. ఎందుకనగా, గొప్ప గొంతులు పల్లెపాట వైపు మళ్లిన చరిత్ర దక్కనీ భాషలో ఇంకా పాతది. బీజాపూరు సూఫీలు, వారి పరంపరలోనివారు 17, 18 శతాబ్దాలలో ‘చక్కీనామా’లు, ‘చర్ఖానామా’లు రచించారు. చక్కీ అంటే మన ఊళ్ల ఇసుర్రాయి. చర్ఖా అంటే నూలు రాట్నం. పారసీ, అరబ్బీ చదివిన ఆ పండితులు తమ తత్త్వాన్ని జొన్నలు విసిరే స్త్రీల పాటలోనికి, నూలు వడికే స్త్రీల పాటలోనికి దింపారు. ఇసుర్రాయి పిడిని అలిఫ్ అక్షరంగా చూపి దైవనామాన్ని గుర్తుచేశారు. ఆ స్త్రీల వద్ద లయ తీసుకొన్నారు. ఆ స్త్రీలకు మాట ఇచ్చారు. అమెరికా వారు 2024లో తర్కించుకొన్న ప్రశ్నకు మన దక్కను నేల మూడు వందల ఏళ్ల క్రిందటనే ఇట్లు సమాధానం చెప్పింది.

హైదరాబాదు ప్రాంతపు ముస్లిం ఇండ్లలో పెండ్లిండ్లకు స్త్రీలు పాడే ఢోలక్ గీతాలు ఏమిటి? వియ్యపురాలిని వేళాకోళం చేసే ఆ పాటలు తెలుగింటి పెండ్లిపాటలకు తోబుట్టువులు కావా? తెలంగాణ గ్రామాలలో పీరీల పండుగనాడు డప్పు మీద దరువు వేసి, అలావ చుట్టూ ఆడుతూ, కర్బలా వీరగాథను తెలుగులో పాడేవారిలో హిందువులు ఎంతమంది లేరు? ఆ పాటలను ఏ జాబితాలో చేర్చెదరు? భాష తెలుగు, కథ అరబ్బు దేశానిది, దరువు పల్లెది, గొంతు అందరిది. రికార్డుల వర్తకుని రెండు గదులలో ఏ గదిలోనూ అవి ఇమడవు.

ఈ నేల మీద పల్లెపాటను శాస్త్రంగా అధ్యయనం చేయడానికి దారి వేసినవారు కూడా మన జిల్లావారే. ఓరుగల్లు ప్రాంతంలోని దేవనూరు గ్రామంలో 1925లో జన్మించిన బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద 1950 దశకంలోనే పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. పండితులు ప్రబంధాల మీద మాత్రమే దృష్టి నిలిపిన కాలంలో ఆయన ఊళ్లు తిరిగి, పాడేవారి ఎదుట కూర్చుండి వ్రాసుకొన్నారు. హసన్‌పర్తిలో చదువుకొంటున్న మనకు ఆ బాట దూరమైనది కాదు.

మా వాదానికి ఎదురు వాదం లేకపోలేదు. పేరుపొందిన గాయకులు పల్లెపాటను ఒక ఋతువు మోజుగా పట్టుకొని, లాభం గడించి, మరుసటి ఋతువులో వదలిపెడతారని కొందరి ఆరోపణ. అది కొంతవరకు నిజమే. అందుకని గుమ్మం మూసినట్లయితే ఏమవుతుంది? పుట్టుకను బట్టి పాడే హక్కు నిర్ణయించినచో, పుట్టుకను ఎవరు పరీక్షించాలి? నేడు పెద్ద గాయనిని ఆపిన చేయి రేపు మన ఊరి పేదపిల్లను ఆపదని నమ్మకమేమిటి? కాపలా అనేది ఎప్పుడూ బలవంతుని చేతిలోనే ఉంటుంది. డీఫోర్డ్ బెయిలీని తొలగించినవారు, లిండా మార్టెల్‌కు దారి మూసినవారు దొంగలను ఆపుతున్నామనలేదు. ఇల్లు కాపాడుతున్నామనే అనుకొని ఉంటారు.

అందువలన ఎవరు పాడారని గాక, ఎట్లు పాడారని అడగడం మేలు. నేర్చుకొని పాడారా? ఎవరి వద్ద నేర్చుకొన్నారో చెప్పారా? వచ్చిన దానిలో వారికి ఇచ్చారా? ఈ మూడు ప్రశ్నలకు అవునని చెప్పగలిగినవారు ఎవరైనను పల్లెపాటకు సొంతవారే. చెప్పలేనివారు ఆ ఊరిలోనే పుట్టినా పరాయివారే. బియాన్సే పాటలో బాంజో వాయించిన రియానన్ గిడెన్స్ అనే కళాకారిణిని గమనించండి. శాస్త్రీయ గానం చదివిన ఆమె, తన యౌవనంలో జో థాంప్సన్ అనే వృద్ధ నల్లజాతి ఫిడేలు వాద్యకారుని ఇంటికి పోయి కూర్చుండి ఆ విద్య నేర్చుకొంది. ఎక్కడికి పోయినా ఆ గురువు పేరు చెబుతుంది. పాండిత్యం ఎంత ఉన్నా పల్లెపాట దగ్గర మొదట శిష్యులము కావలెనన్నది ఆమె బ్రతుకు చెప్పే పాఠం.

ఇప్పుడు మా కళాశాల సంగతి. వార్షికోత్సవ పోటీలలో గజల్, కవ్వాలీ ఒక వైపు, జానపదగీతం ఒక వైపు ఉంటున్నాయి. ఎవరూ ఆజ్ఞాపించకపోయినా ఉర్దూ విభాగంవారు ఒక జాబితాలోను, తెలుగు విభాగంవారు మరొక జాబితాలోను పేర్లు ఇస్తున్నారు. నాట్లపాట కంఠతా వచ్చిన ముస్లిం బాలికలు మనలో ఉన్నారు. ఖవ్వాలుల వెంట తాళం తప్పకుండా చప్పట్లు వేయగల తెలుగు బాలురు ఉన్నారు. పేరు ఇవ్వవలసిన వేళకు ‘ఇది మాది కాదేమో’ అని వెనుకాడుతున్నారు. అమెరికాలో ఆ రెండు గదులను వర్తకులు కట్టారు. మన మధ్య ఏ వర్తకుడూ లేడు. మనమే కట్టుకొంటున్నాము. ఎవరి విశ్వాసం వారిది; దేవతాస్తుతిని గాని, మతపరమైన గీతాన్ని గాని ఎవరి చేతనూ పాడించమని మేము అనడం లేదు. కూలిపాట, పెండ్లిపాట, జోలపాట, పనిపాట అందరివి కదా!

కావున కమిటీవారి ఎదుట మూడు మనవులు ఉంచుతున్నాము. మొదటిది: ‘పల్లెపాట’ అనే ఒకే పోటీ ఏర్పరచి, తెలుగు, దక్కనీ, లంబాడీ భాషలలో దేనిలోనైనా ఏ విద్యార్థి అయినా పాడవచ్చునని ప్రకటించాలి. పాడేవారు మొదట ఆ పాట తమకు నేర్పినవారి పేరు, ఊరు, ఆ పాట ఏ పని చేస్తూ పాడుతారో చెప్పి తీరాలి. అది చెప్పినందుకు మార్కులు ఉండాలి. రెండవది: వేసవి సెలవులలో ప్రతి విద్యార్థి తన ఇంటి పెద్దల వద్దనో, వాడకట్టు వారి వద్దనో వారి అనుమతితో ఒక్క పాటను వ్రాసుకొని, ఫోనులో గొంతు పట్టి తేవాలి, వాటిని గ్రంథాలయంలో భద్రపరచాలి. చేతిలో ఫోను లేని విద్యార్థి ఈనాడు అరుదు. నానమ్మ పాటను అందులో పట్టిన విద్యార్థి ఇంకా అరుదు. మూడవది: ఉత్సవానికి పిలిచే ఒగ్గు కళాకారునికి, డప్పు కళాకారునికి శాలువ కప్పి పంపివేయడంతో సరిపెట్టక, పట్నం నుండి వచ్చే ఉపన్యాసకునికి ఇచ్చే పారితోషికమే ఇవ్వాలి.

వీటికి అయ్యే ఖర్చు పెద్దది కాదు. ఆలస్యానికి అయ్యే ఖర్చు పెద్దది. ఇసుర్రాయి ఇండ్లలో నుండి వెళ్లిపోయింది. దానితో పాటు దాని పాటా వెళ్లిపోతున్నది. నాటు యంత్రం వచ్చిన మడిలో నాట్లపాటకు చోటు లేదు. యంత్రాన్ని మేము నిందించడం లేదు. నడుము విరిగే పని తగ్గితే అమ్మలకు మేలే. పని పోయినా పాట ఉండాలంటే దానిని నేర్చుకొనే చిన్నవారు కావాలి. ఎవరు ఏ ఇంటివారని చూసి ఆ చిన్నవారిని వడపోసినచో, మిగిలేది నిశ్శబ్దమే.

ప్రపంచ ప్రసిద్ధురాలైన గాయనికి పాట పాడడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. తలుపు తట్టగల బలం ఆమెకు ఉన్నది. ఆ బలం లేని విద్యార్థినికి మాత్రం ‘పాడు అమ్మా, ఇది నీది కూడా’ అనే ఒక మాట కావాలి. ఆ పాట నేర్పిన ముసలమ్మకు ‘ఇది నీవు ఇచ్చినది’ అనే మరొక మాట కావాలి. ఈ రెండు మాటలూ చెప్పగల శక్తి మన కళాశాలకు ఉన్నదనీ, వచ్చే వార్షికోత్సవం నాటికే చెప్పగలదనీ మా విశ్వాసం.